మనవాడు ఆ పేపర్లో ఉన్నాడా? వెన్నుపూస, మెదడు రక్తనాళాల ఆపరేషన్ల మీద పరిశోధన చదివే పద్ధతి

మా తమ్ముడు చిత్తూరులో బెల్లం మండీ నడుపుతాడు. వాడికి 44వ ఏట నడుం నుంచి ఎడమ కాలి చిటికెన వేలి దాకా లాగుడు మొదలైంది. ఐదో వారంలో ఎమ్మారై తీయించారు. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు.

"అక్కా, మూడు చోట్ల డిస్క్ ఉబ్బిందంట. వారంలోపల ఆపరేషన్ చేసి నాలుగు స్క్రూలు వేస్తామంటా ఉండారు. నువ్వు ఆ పుస్తకాల మధ్యనే ఉంటావు కదా, చూసి చెప్పు."

నేను తిరుపతిలో ఒక వైద్య కళాశాల లైబ్రరీలో 27 ఏళ్ళు పనిచేశాను. పీజీ పిల్లలకు పరిశోధన పేపర్లు, అంటే వైద్య పత్రికల్లో వచ్చే అధ్యయనాలు, వెతికి ఇవ్వడం నా ఉద్యోగం. ఇంటి మనిషి కోసం ఒక పేపర్‌ను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివింది మాత్రం ఆ రాత్రే. ఆ తర్వాత చుట్టాలు, వీధిలోవాళ్ళు, పాత విద్యార్థుల అమ్మానాన్నలు, ఎందరో రిపోర్టులు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. వాళ్ళతో కూర్చుని నేను పాటించే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్‌ను కాను. ఇది వైద్యం చేసుకోవడానికి పనికిరాదు. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు సరైన ప్రశ్న అడగడానికి పనికొస్తుంది.

చదవకుండా పరుగెత్తాల్సిన సందర్భాలు

నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకుండా జారిపోతున్నా, రెండు కాళ్ళూ పట్టు తప్పుతున్నా పేపర్లు పక్కన పెట్టండి. అప్పుడు ఆలస్యమైన ప్రతి గంటా నరానికి నష్టం. అలాగే, జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యి పడిపోయినా 108కి ఫోన్ చేయడమే పని. పరిశోధన చదవడం అనేది టైమ్ ఉన్నవాళ్ళకు మాత్రమే.

ముందు ఒక తెల్ల కాగితం

ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టకముందే మన మనిషి గురించి నాలుగు వాక్యాలు రాయండి. వయసు ఎంత, నొప్పి నడుంలో ఎక్కువా కాల్లో ఎక్కువా, ఎన్ని వారాలుగా ఉంది, బలం తగ్గిందా, ఏ మందులు, ఏ వ్యాయామాలు ఎన్నాళ్ళు చేశారు, స్కాన్‌లో ఏ చోట అని రాసింది. మా తమ్ముడి కాగితం మీద నేను రాసింది ఇది: "44 ఏళ్ళు. ఎడమ కాలి లాగుడు 10కి 8, నడుం నొప్పి 3. ఐదు వారాలు. బలం తగ్గలేదు. ఎల్5-ఎస్1 డిస్క్ జారి నరాన్ని నొక్కుతోంది. పైన రెండు చోట్ల ఉబ్బు." ఎల్5-ఎస్1 అంటే నడుం కింద చివరి డిస్క్ ఉండే చోటు.

నడుం నొప్పి, కాలి లాగుడు వేర్వేరుగా రాయడం చాలా ముఖ్యం. నరం మీద ఒత్తిడి తీసేసే ఆపరేషన్ ప్రధానంగా కాలి నొప్పికి పనిచేస్తుంది. నడుం నొప్పే అసలు బాధ అయినవాళ్ళు అదే ఆపరేషన్ మీద అదే ఆశ పెట్టుకుంటే నిరాశ పడతారు.

"మూడు చోట్ల ఉబ్బింది" అన్న మాట వింటే ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంటుంది. ఇక్కడ ఒక పేపర్ చెప్పాలి. 2015లో అమెరికా న్యూరోరేడియాలజీ పత్రికలో వచ్చింది. నొప్పే లేని 3,110 మంది స్కాన్‌లను 33 అధ్యయనాల నుంచి పోగుచేశారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ళవాళ్ళలో నూటికి 84 మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే ఉబ్బు చాలావరకు తల నెరవడం లాంటిది. నరం ఎక్కడ నలుగుతోందో ఆ చోటు, నొప్పి దిగే దారి, డాక్టర్ చేతితో చేసే పరీక్ష, ఈ మూడూ కలిసినప్పుడే ఆ ఉబ్బుకు అర్థం. మా తమ్ముడి విషయంలో కింది డిస్క్‌కు అది కుదిరింది. పై రెండింటికీ కుదరలేదు.

మా పెదనాన్న ఈలోగా పుత్తూరు తీసుకెళ్దామన్నాడు. పుత్తూరు కట్టుతో చెయ్యి అతికించుకున్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు, ఆయన నమ్మకం నాకు అర్థమవుతుంది. కానీ ఇక్కడ విరిగిన ఎముక లేదు. నలిగిన నరానికి కట్టు దారి కాదని ఆయనకు స్కాన్ ఫిల్మ్ కిటికీకి ఆనించి చూపించి చెప్పాను.

వెతకడం

పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్ అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి. జబ్బు పేరు, ఆపరేషన్ పేరు, దేనితో పోలిక, ఈ మూడూ వేయండి. పక్కన ఉండే ఫిల్టర్లలో "రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్" (లాటరీ వేసినట్టు గుంపులు చేసి పోల్చే పరీక్ష), "సిస్టమాటిక్ రివ్యూ" (ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చూసేది) అన్న రెండూ పెట్టండి. వేల పేపర్లు పదుల్లోకి దిగుతాయి. "ఫ్రీ ఫుల్ టెక్స్ట్" పెడితే పూర్తిగా దొరికేవి మిగులుతాయి. మన దేశంలో రోగుల మీద జరుగుతున్న ఇలాంటి చికిత్స పరీక్షల (ట్రయల్స్) కోసం 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. అందులో ట్రయల్ మొదలయ్యేటప్పుడే ఏం కొలవబోతున్నారో రాసి పెడతారు. తర్వాత పేపర్లో వేరేదేదో కొలిచినట్టు చెబితే మనకు తెలిసిపోతుంది.

ఇంగ్లిష్ రాదని వెనకాడకండి. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పేపర్లో మీకు కావాల్సింది మొత్తం కలిపి రెండు పేజీలే.

మొదట టేబుల్ 1

చాలామంది చివరి వాక్యానికి వెళ్ళి "ఆపరేషన్ మంచిదని రాశారు" అని ఆగిపోతారు. నేను ముందు టేబుల్ 1 తీస్తాను. ఆ అధ్యయనంలో చేరినవాళ్ళ వయసు, జబ్బు ఎన్నాళ్ళుగా ఉంది, ఎంత తీవ్రంగా ఉంది అన్నవి అందులో ఉంటాయి. మన తెల్ల కాగితాన్ని ఆ టేబుల్ పక్కన పెట్టండి. మనవాడు అందులో ఉన్నాడా? దాని పైన, పద్ధతుల భాగంలో, ఎవరిని చేర్చుకోలేదో కూడా రాస్తారు. అది తప్పకుండా చూడండి.

మా తమ్ముడికి సరిపోయినట్టు కనిపించిన మొదటి పేపర్ నెదర్లాండ్స్‌ది. 2007లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. కాలి లాగుడు 6 నుంచి 12 వారాలుగా ఉన్న 283 మందిని లాటరీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్. రెండో గుంపుకు మందులు, ఓపిక, అవసరమైతే తర్వాత ఆపరేషన్. త్వరగా చేయించుకున్నవాళ్ళకు కాలి నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. ఆగిన గుంపులో నూటికి 39 మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు, సగటున 19వ వారం దగ్గర.

ఈ ఒక్క పేపర్ నుంచి ఆపరేషన్ కావాలనేవాడికీ వద్దనేవాడికీ వాదన దొరుకుతుంది. "తొందరగా తగ్గుతుంది" నిజం. "ఏడాదికి తేడా లేదు" నిజం. మధ్యలో ఉన్నది ఆ కొన్ని నెలల నొప్పి. రోజూ కూలికి వెళ్ళేవాడికి ఆ నెలల విలువ ఒకటి, ఇంట్లో ఉండి ఓర్చుకోగలిగేవాడికి ఇంకొకటి. పేపర్ ఆ విలువ కట్టదు. అది మనమే కట్టుకోవాలి.

మా తమ్ముడికి ఐదు వారాలే. అంటే ఇంకా ఆ పేపర్ గడప కూడా ఎక్కలేదు. పైగా ఆ పేపర్లో చేసింది జారిన ముక్కను తీసేయడం మాత్రమే, పూసలను కలిపి బిగించే స్క్రూలు లేవు. మొదటిసారి డిస్క్ జారి, పూస కదలకుండా నిలిచి ఉన్న మనిషికి స్క్రూలు ఎందుకు అన్న ప్రశ్న నాకు అక్కడే పుట్టింది. రెండో అభిప్రాయం కోసం వేరే ఊళ్ళో సర్జన్ దగ్గరికి వెళ్ళాం. పాదం, బొటనవేలు, మడమ మీద నడక పరీక్షించి, "బలం తగ్గితే ఆ రోజే రండి. లేకపోతే ఆగండి" అన్నారు. స్క్రూల మాట ఎత్తలేదు.

క్యూ మారినవాళ్ళు

అమెరికాలో స్పోర్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2006లో జామా అనే వైద్య పత్రికలో మొదటి ఫలితాలు వచ్చాయి. డిస్క్ జారిన 501 మందిని రెండు గుంపులు చేస్తే, ఆపరేషన్ రాసిపెట్టినవాళ్ళలో మూడు నెలలకు సగం మందే చేయించుకున్నారు. ఆపరేషన్ వద్దని రాసిపెట్టినవాళ్ళలో నూటికి 30 మంది వెళ్ళి చేయించుకున్నారు.

తిరుమలలో సర్వదర్శనం క్యూ, మూడు వందల టికెట్ క్యూ గుర్తు తెచ్చుకోండి. ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు దూరిపోయారనుకోండి. తర్వాత ఏ క్యూ తొందరగా కదిలిందని అడిగితే ఏం చెప్పగలం? చేతిలో ఉన్న టోకెన్ ప్రకారం లెక్క వేస్తే తేడా చిన్నదిగా కనిపిస్తుంది. నిజంగా నడిచిన క్యూ ప్రకారం వేస్తే తేడా పెద్దదిగా కనిపిస్తుంది, కానీ ఓపిక లేనివాళ్ళంతా ఒక క్యూలోకి చేరిపోయి ఉంటారు కాబట్టి ఆ పోలిక సరికాదు. టోకెన్ లెక్కను "ఇంటెన్షన్ టు ట్రీట్" అంటారు. పేపర్లో ఆ మాట కోసం వెతికి, క్యూ మారినవాళ్ళు నూటికి ఎంతమందో పక్కన రాసుకోండి. స్పోర్ట్‌లో టోకెన్ లెక్క ప్రకారం ప్రధాన కొలతల్లో తేడా చిన్నదే. దాన్ని బట్టి "ఆపరేషన్ పనిచేయదు" అనేవాళ్ళూ తొందరపడుతున్నారు.

దేనితో కొలిచారు, ఎప్పుడు కొలిచారు

నొప్పికి సున్నా నుంచి పది దాకా కొలత. నడుంకు ఆస్వెస్ట్రీ అనే పది ప్రశ్నల కొలత ఉంది: బరువు ఎత్తడం, నడక, కూర్చోవడం, నిద్ర, ప్రయాణం లాంటివి. సున్నా అంటే ఇబ్బంది లేదు, వంద అంటే మంచానికి అంటుకుపోవడం. సుమారు పది పాయింట్లు తగ్గితేనే రోగికి తేడా తెలుస్తుందని చాలామంది పరిశోధకులు లెక్కేసుకుంటారు. కాబట్టి "గణాంకపరంగా గణనీయం" (అంటే తేడా కేవలం యాదృచ్ఛికం కాకపోవచ్చు అని) రాసి, తేడా మూడు పాయింట్లే ఉంటే, ఆ మూడు పాయింట్లు మండీలో మెట్లెక్కే మనిషికి తెలియవు.

మెదడు జబ్బులకు మోడిఫైడ్ రాంకిన్ అనే కొలత. సున్నా అంటే ఏ లక్షణమూ లేదు, ఆరు అంటే మరణం. ఇక్కడ చాలా జాగ్రత్తగా చూడాల్సింది "మంచి ఫలితం" అని ఎక్కడ గీత గీశారన్నది. పెద్ద స్ట్రోక్ వచ్చి మెదడు వాచినప్పుడు పుర్రె ఎముక తీసే ఆపరేషన్ మీద యూరప్‌లో జరిగిన మూడు పరీక్షల్ని కలిపి 2007లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వేశారు. 93 మంది, అందరూ 60 ఏళ్ళలోపువాళ్ళు, 48 గంటల్లోపు ఆపరేషన్. బతికినవాళ్ళు ఆపరేషన్ గుంపులో నూటికి 78, లేని గుంపులో 29. ఇది చాలా పెద్ద తేడా. కానీ ఆ పేపర్ గీత నాలుగు దగ్గర గీసింది. నాలుగు అంటే ఇంకొకరి సాయం లేకుండా నడవలేని, తన పనులు తాను చేసుకోలేని స్థితి. గీతను మూడు దగ్గరికి జరిపితే 43, 21 అవుతాయి. ప్రాణం నిలిచాక ఎలా బతుకుతారన్నది ఆ ఇంటివాళ్ళు విడిగా అడగాల్సిన ప్రశ్న. ఐసీయూ బయట కూర్చున్న వాళ్ళకు ఈ రెండు జతల అంకెలూ చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక కాలం. 2014లో లాన్సెట్‌లో వచ్చిన అరూబా అనే పరీక్ష, పగలని మెదడు ఏవీఎం గురించి. పుట్టుకతోనే రక్తనాళాలు చిక్కుముడి పడే జబ్బు అది. 223 మందిని సగటున 33 నెలలు చూశారు. మందులతో ఉంచినవాళ్ళలో నూటికి 10 మందికి, ఆపరేషన్ లాంటి చికిత్స చేసినవాళ్ళలో 31 మందికి స్ట్రోక్ గానీ మరణం గానీ వచ్చింది. తేడా అంత ఎక్కువ ఉండడంతో మధ్యలోనే ఆపారు. అయితే ఆపరేషన్ ప్రమాదం మొదటి రోజే ఉంటుంది. ఏవీఎం పగిలే ప్రమాదం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. పాతికేళ్ళ కుర్రాడికి ముందున్నది యాభై ఏళ్ళు. 33 నెలల లెక్క అతనికి సగం ప్రశ్నకే జవాబు.

నేను చేసిన పొరపాటు

చంద్రగిరిలో మా మేనత్త, 61 ఏళ్ళు, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ తల పట్టుకుని కూలబడింది. మెదడులో రక్తనాళం బుడగలా ఉబ్బి పగిలింది, అన్యూరిజం. ఆపరేషన్ మర్నాడని చెప్పారు. నేను రాత్రికి రాత్రి ఐసాట్ పేపర్ ప్రింటు తీసి బావ చేతిలో పెట్టాను. 2,143 మందితో చేసిన పరీక్ష, 2002లోనూ 2005లోనూ లాన్సెట్‌లో వచ్చింది. పుర్రె తెరిచి క్లిప్ పెట్టడం ఒకవైపు, తొడ నుంచి తీగ పంపి ఆ బుడగలో కాయిల్ (సన్నని లోహపు తీగ చుట్ట) నింపడం ఇంకోవైపు. ఏడాదికి చనిపోయినవాళ్ళు, పరాధీనులైనవాళ్ళు కలిపి క్లిప్ గుంపులో నూటికి 30.9, కాయిల్ గుంపులో 23.5. "ముప్పు నాలుగో వంతు తగ్గింది" అని చెప్పొచ్చు, "వంద మందిలో ఏడుగురికి మేలు" అనీ చెప్పొచ్చు. రెండూ ఒకే లెక్క. నేను ఎప్పుడూ రెండోదే చెప్తాను.

బావ డాక్టర్‌ను కాయిలే వేయమని పట్టుబట్టాడు. డాక్టర్ విసుక్కోకుండా యాంజియో బొమ్మ (రక్తనాళాల స్కాన్) చూపించారు. ఉబ్బు మెదడుకు వెళ్ళే మధ్య ధమని మీద ఉంది, ఆ బుడగ మెడ (మొదలు) వెడల్పుగా ఉంది. కాయిల్ అందులో నిలవడం కష్టం. ఆ పరీక్షకు 9,559 మందిని చూసి, రెండు పద్ధతుల్లో ఏదైనా సరేనని డాక్టర్లకు అనిపించినవాళ్ళను మాత్రమే చేర్చారు. మధ్య ధమని మీద ఉన్నవాళ్ళు అందులో నూటికి 14 మందే. మా మేనత్త ఆ పేపర్లో దాదాపు లేదు. నేను టేబుల్ 1 చూడకుండా ఆఖరి అంకె మాత్రమే పట్టుకెళ్ళాను, బావను అనవసరంగా కంగారు పెట్టాను. ఆమెకు క్లిప్ పెట్టారు. ఎడమ చెయ్యి కొద్దిగా పట్టు తక్కువ, మిగతాదంతా బాగుంది.

రెండు పేపర్లు కొట్టుకుంటే

2016 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఒకే సంచికలో రెండు పేపర్లు వేసింది. వెన్నులో నరాల దారి ఇరుకైనవాళ్ళకు ఒత్తిడి తీస్తే చాలా, స్క్రూలతో పూసలు కలపాలా అన్నది ప్రశ్న. స్వీడన్ 247 మందితో, కలపడం వల్ల రెండేళ్ళకు అదనపు మేలు లేదంది. అమెరికా 66 మందితో, పూస జారినవాళ్ళలో కలిపితే కొంచెం మేలంది. దగ్గరగా చూస్తే కొలతల్లోనే తేడా ఉంది. అమెరికా పేపర్ ప్రధానంగా శారీరక ఆరోగ్యపు సాధారణ కొలత వాడింది. అందులోనే ఆస్వెస్ట్రీ చూస్తే రెండేళ్ళకు చెప్పుకోదగ్గ తేడా లేదు. 2021లో నార్వేవాళ్ళు పూస జారిన 267 మందితో చేసి, ఒత్తిడి తీయడం ఒక్కటీ తీసిపోదని చెప్పారు. పూస బాగా కదులుతున్నవాళ్ళ సంగతి వేరు. అందుకే స్క్రూలు అన్నప్పుడు "వంగినప్పుడు, నిలబడినప్పుడు తీసిన ఎక్స్‌రేల్లో పూస ఎంత కదులుతోంది సార్?" అని అడగండి.

ఒక ఆసుపత్రి తన రోగుల గురించి మాత్రమే రాసిన పేపర్లయితే, తిరిగి రానివాళ్ళ లెక్క చూడండి. వంద మందికి ఆపరేషన్ చేశారు, రెండేళ్ళకు 60 మంది వచ్చారు, 54 మంది బాగుందన్నారు అనుకుందాం. పేపర్లో 90 శాతం అని ఉంటుంది. మిగతా 40 మంది బాగై రాలేదా, విసిగి వేరేచోటికి పోయారా, ఛార్జీలు లేక రాలేదా? మన పల్లెలవాళ్ళు చెకప్‌కు ఎందుకు రారో మనకు తెలుసు.

డాక్టర్ దగ్గర

ప్రింటు బల్ల మీద పెట్టి వాదించకండి. తెల్ల కాగితం ఇచ్చి ఈ మాటలు అడగండి: "మా తమ్ముడి లాంటివాళ్ళకు ఆగితే ఏమవుతుంది, చేయిస్తే ఏమవుతుంది? ఎన్నాళ్ళు ఆగొచ్చు? ఏం కనిపిస్తే వెంటనే రావాలి? ఈ ఆపరేషన్ మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు? మళ్ళీ చేయాల్సిన అవసరం ఎంతమందికి వచ్చింది?" మంచి సర్జన్లు ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోరు. నేను చూసినంతలో చాలామంది కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

మా తమ్ముడు ఆగాడు. మూడో నెలకు 8 నుంచి 6కు దిగింది, అక్కడే ఆగిపోయింది. ఐదో నెలలో మళ్ళీ 7. అప్పుడు వాడి కాగితం మార్చి రాశాను, ఎందుకంటే వాడు ఇప్పుడు వేరే పేపర్లో మనిషి. 2020లో కెనడా నుంచి న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది, లాగుడు 4 నుంచి 12 నెలలుగా ఉన్న 128 మందితో. ఆరు నెలలకు కాలి నొప్పి ఆపరేషన్ గుంపులో 2.8, ఆపరేషన్ లేని గుంపులో 5.2. ఈ తేడా మనిషికి తెలిసే తేడా. "ఇంక చాలక్కా, చేయించుకుంటా" అన్నాడు. జారిన ముక్క మాత్రం తీశారు.

ఆపరేషన్ తర్వాత కూడా అదే కాగితం కొనసాగించమన్నాను. ఆరు వారాలకు, మూడు నెలలకు, ఏడాదికి, అదే కొలతతో. వాడి మండీ లెక్కల పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి ఆ అంకెలు: కాలు 2, 1, 1. నడుం 3, 3, 2. పోయిన నెల అదే మండీలో పనిచేసే హమాలీ ఒకతను రిపోర్టు తీసుకొచ్చాడు. తమ్ముడే కాగితం తీసి, నొప్పి నడుంలో ఎక్కువా కాల్లో ఎక్కువా అని అడగడం మొదలుపెట్టాడు.